జేబులో శ్మశాన వైరాగ్యం



ఈ వారం వీడియోలో అభ్యాసం, వైరాగ్యం అనే రెండు మాటల గురించి మాట్లాడుకున్నాం కదా. భగవద్గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు ఈ మనసును పట్టుకోవడం నా వల్ల కాదు అంటాడు. కృష్ణుడు కాదనడు. కష్టమేనని ఒప్పుకుని, ఈ రెండింటితో వీలవుతుందని చెబుతాడు. కెమెరా ముందు అక్కడితో ఆపేశాను. అసలు విషయం చెప్పడానికి నోరు రాలేదు. రాయడం కొంచెం సులువు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

నేను పదమూడేళ్లు సిగరెట్లు తాగాను.

మాది తనకల్లు. మొన్నటిదాకా అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. వాన పడితే శెనక్కాయ, పడకపోతే బెంగళూరు బస్సు. మా వైపు చాలా ఇళ్ల కథ ఇంతే. మా నాయన శెనక్కాయ రైతు. రోజుకు ఒక కట్ట బీడీలు కాల్చేవాడు. నేను ఇంజనీరింగ్‌లో చేరాక 2010లో మొదలుపెట్టాను. మొదటి సిగరెట్ నాకు ఇప్పటికీ గుర్తుంది. దగ్గు, కళ్లలో నీళ్లు, నోరంతా చేదు. ఎందుకు తాగుతారురా బాబూ దీన్ని అనుకున్నా. అయినా రెండోది తాగాను, మూడోది తాగాను. నెల తిరిగేసరికి ఆ చేదే కావాలనిపించింది.

అప్పటికి ప్యాకెట్ మీద బొమ్మలు వచ్చి ఏడాది అయింది. మన దేశంలో 2009 మే 31 నుంచి అవి తప్పనిసరి. మొదట్లో ముందువైపు 40 శాతం జాగాలో మసక మసకగా ఊపిరితిత్తుల ఎక్స్‌రే ఉండేది, నమిలే పొగాకు మీద తేలు బొమ్మ ఉండేది. వాటిని చూసి భయపడినవాళ్లు మా హాస్టల్లో ఎవరూ లేరు. 2016 ఏప్రిల్ 1 నుంచి సంగతి మారింది. ప్యాకెట్‌కు రెండువైపులా 85 శాతం బొమ్మే. పుండుపడిన గొంతు, కుళ్లిన దవడ. నేను అప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా. మొదటిసారి ఆ గొంతు చూసిన రోజు నిజంగా ఒళ్లు జలదరించింది. నాలుగు రోజులు మానేశాను.

ఐదో రోజు ఏం చేశానో చెబితే నవ్వుతారు. ప్యాకెట్ కొనడం మానేసి లూజు సిగరెట్లు కొనడం మొదలుపెట్టాను. ఒక్కోటి విడిగా తీసుకుంటే బొమ్మ కనపడదు కదా! ప్యాకెట్ అంగడివాడి దగ్గరే ఉంటుంది, ఆ గొంతును వాడే చూసుకుంటాడు. మా తనకల్లు బంకులోనూ అంతే. రోజూ కూలి చేసుకునేవాళ్లకు ప్యాకెట్ మొత్తం కొనే స్తోమత ఉండదు. ఒకటో రెండో తీసుకుంటారు. వాళ్ల కోసం వేసిన బొమ్మ వాళ్ల కంటపడకుండానే పోతుంది. వాళ్లకు డబ్బుల్లేక. నాకు డబ్బులుండి కూడా, చూసే ధైర్యం లేక.

మన పెద్దవాళ్లు ఒక మాట అంటుంటారు, శ్మశాన వైరాగ్యం అని. ఎవరినైనా సాగనంపి వచ్చేటప్పుడు ఈ జీవితం ఇంతేనా, ఈ ఆస్తులూ గొడవలూ ఎందుకు అనిపిస్తుంది. ఇంటికొచ్చి తలస్నానం చేసి అన్నం తినేసరికి మళ్లీ మామూలే. పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం కూడా ఇలాంటివే. పుట్టినంత వేగంగా పోతాయి. సిగరెట్ ప్యాకెట్ మీద బొమ్మ మనకు జేబులో పెట్టి ఇచ్చిన శ్మశాన వైరాగ్యం అని నాకనిపిస్తుంది. అది అబద్ధమని కాదు. ఆ క్షణంలో వచ్చే విరక్తి నిజమైనదే. దాని ఆయుష్షు తక్కువ, అంతే.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వేలో, సిగరెట్ తాగేవాళ్లలో దాదాపు 62 శాతం మంది, బీడీ తాగేవాళ్లలో దాదాపు 54 శాతం మంది ప్యాకెట్ మీద హెచ్చరిక చూసి మానేద్దామనుకున్నామని చెప్పారు. అనుకోవడం దగ్గర మనకు లోటు లేదు. మూడో అధ్యాయంలో అర్జునుడు అడిగేదీ ఇదే కదా. ఇష్టం లేకపోయినా, ఎవరో బలవంతంగా తోస్తున్నట్టు మనిషి తప్పు ఎందుకు చేస్తాడని. తెలియక చేసేవాడి గురించి కాదు ఆ ప్రశ్న. తెలిసి చేసేవాడి గురించి.

అలాగని బొమ్మలు దండగ అనను. సెలవులకు ఊరికెళ్లినప్పుడు మా అక్క కూతురు నాయన బీడీకట్ట పట్టుకుని, "మామా, ఈయనకు నోట్లో ఏమయింది?" అని అడిగింది. అప్పుడు దానికి ఏడేళ్లు. ఆ రోజు నుంచి ఆ పిల్ల బీడీ వెలిగిస్తే తాత పక్కన కూర్చోలేదు. భయం వాకిట్లో మంచి కాపలాదారు. కొత్తవాళ్లను లోపలికి రానివ్వదు. ఇంట్లో పదేళ్లుగా కాపురం ఉంటున్నదాన్ని వెళ్లగొట్టే బలం మాత్రం దానికి లేదు.

నాయన ఆ బొమ్మను చూసి వేరే ప్రశ్న వేశాడు. "ఇంత చెడ్డదైతే అమ్మేదేటికి? అమ్మేటట్టయితే ఈ బొమ్మ ఏసేదేటికి?" నేను సమాధానం చెప్పలేకపోయా. ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? బొమ్మ వేయమనేది కేంద్ర ఆరోగ్య శాఖ. గుంటూరులో ఉన్న పొగాకు బోర్డు అదే ప్రభుత్వంలో వాణిజ్య శాఖ కింద ఉంటుంది. ప్రకాశం జిల్లాలో పొగాకు మీద బతికే రైతు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఒక చెయ్యి వద్దంటుంది, ఇంకో చెయ్యి ఇస్తుంది. మొదట్లో నాకు కోపం వచ్చేది. తర్వాత నన్ను నేను చూసుకున్నా. పొద్దున విష్ణుసహస్రనామం, బస్టాపులో సిగరెట్. నా లోపలా రెండు శాఖలు ఉన్నాయి, ఒకదాని ఫైలు ఇంకోటి చూడదు.

2017లో, 2019లో అయ్యప్ప మాల వేసుకున్నా. రెండుసార్లూ 41 రోజులు ఒక్కటి కూడా ముట్టలేదు. మీలో చాలామందికి ఇది తెలిసిన సంగతే. మాల వేయగానే ఎలా మానేస్తామో మనకే అర్థం కాదు. మా ఊరి బంకు ఆయనైతే నేను మామూలుగా అటువైపు చూసినా, "మాల తీసినాక రండి స్వామీ, ఇప్పుడు నేను ఇయ్యను" అనేవాడు. రెండుసార్లూ కొండ దిగి, మాల తీసిన రోజు సాయంత్రమే వెలిగించాను. ఇచ్చింది కూడా ఆయనే, నవ్వుతూ.

ఇక్కడ ఒక విషయం గమనించండి. నికోటిన్ మానేసినప్పుడు ఒంట్లో వచ్చే బాధ మొదటి రెండు మూడు రోజులు బాగా ఎక్కువగా ఉంటుంది. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం. చాలామందికి మూడు నాలుగు వారాల్లో అది చాలావరకు తగ్గిపోతుంది. అంటే 41వ రోజుకు నా ఒంటికి సిగరెట్‌తో పెద్దగా పని లేదు. మరి వెలిగించింది ఎవరు? మన శాస్త్రాల్లో దానికి వాసన అని పేరు. పాత్రలో ఇంగువ తీసేసినా మిగిలే వాసన లాంటిది. పైగా నేను 41 రోజులూ రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపా. ఇన్నాళ్లయింది అని కాదు, ఇంకా ఇన్నాళ్లుంది అని. దీక్షలో లోపం లేదు. దాన్ని మానడంగా కాకుండా వాయిదాగా వాడుకున్న నాలో ఉంది.

2021లో నాయనకు ఆయాసం మొదలైంది. చేను గట్టు ఎక్కడానికి రెండుసార్లు ఆగేవాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయని, సీఓపీడీ అని డాక్టరు చెప్పారు. "బీడీ అంటే ఆకే కదరా, సిగిరెట్టు మాదిరి కాదు" అనేవాడు నాయన. అదొక అపోహ. బీడీ పొగలో నికోటిన్, తారు సిగరెట్ కంటే తక్కువేం కాదు. చివరి ఏడాది బీడీ మానేశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

2023 ఫిబ్రవరిలో నాయన పోయాడు. మా చేనులోనే, చింతచెట్టు కింద మట్టి చేశాం. అందరూ కాళ్లు కడుక్కుంటున్నారు. నాకు మామ వరసయ్యే ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, "తీసుకో అల్లుడూ, కొంచెం కుదురుకుంటావు" అని సిగరెట్ ఇచ్చాడు.

తీసుకున్నా.

నాయన ఊపిరిని ఏది తీసుకుందో తెలుసు. ఆయన మీద మన్ను ఇంకా తడిగానే ఉంది. ఇంతకంటే పెద్ద హెచ్చరిక బొమ్మ ఎవరు వేయగలరు? అయినా తాగాను. ఇంటికొస్తే అమ్మ ఏమీ అనలేదు. నా చొక్కా వాసన తగిలి మొహం పక్కకు తిప్పుకుంది. ఆ రోజు తెలిసింది, భయం కానీ దుఃఖం కానీ సిగ్గు కానీ నన్ను మాన్పించలేవని. అవి వైరాగ్యాన్ని తెచ్చి గుమ్మంలో దింపి వెళ్లిపోతాయి. లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టే పని మనదే. దాని పేరే అభ్యాసం.

దినం అయిపోయాక బెంగళూరు వచ్చి ప్యాకెట్ మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశా. 1800-11-2356. 2018 సెప్టెంబరు నుంచి ప్రతి ప్యాకెట్ మీదా ఉంటోంది. అన్నేళ్లు బొమ్మకు భయపడి మొహం తిప్పుకున్నా కాబట్టి దాని కింద ఉన్న నంబరు ఎప్పుడూ చదవలేదు! అది ఉచితం. దక్షిణాది భాషల కోసం బెంగళూరు నిమ్హాన్స్‌లో కూడా కేంద్రం ఉంది. ఫోన్ ఎత్తినావిడ ఎందుకు తాగుతున్నారని అడగలేదు. ఎప్పుడెప్పుడు తాగుతారని అడిగింది. రాసుకుంటే ఏడు తేలాయి. టీ, భోజనం తర్వాత, బస్సు కోసం నిలబడినప్పుడు, మేనేజర్‌తో ఫోన్ అయ్యాక, ఇలా.

మా కదిరి వైపు తిమ్మమ్మ మర్రిమాను చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. అది ఐదెకరాల దాకా విస్తరించిన చెట్టు. అసలు మొదలు ఏదో తెలియదు, ప్రతి ఊడా ఒక మొదలై నిలబడింది. ఆ తల్లి చెట్టును అలవాటుతో పోల్చినందుకు క్షమించాలి. కానీ నా అలవాటుకూ ఒక్క మొదలు లేదు, ఏడు ఊడలు ఉన్నాయి. రేపటి నుంచి మానేస్తా అని ఒక్క ప్రతిజ్ఞతో నరికితే పడేది కాదు. ఒక్కో ఊడ దగ్గర ఒక్కో పని పెట్టుకున్నా. టీ బదులు మజ్జిగ. భోజనం అయ్యాక నడక. తాగాలన్న కోరిక అలలాగా వచ్చి కొన్ని నిమిషాల్లో తగ్గిపోతుంది, అంతసేపు ఒక మాల జపం. దేవుడు వచ్చి సిగరెట్ లాక్కున్నాడని చెప్పను. ఆ కొన్ని నిమిషాలు చేతికీ నోటికీ మనసుకూ ఒక పని దొరికింది. నాలుగో నెలలో ఒకసారి తప్పాను. మళ్లీ ఫోన్ చేశా. తిట్టలేదు, ఎనిమిదో ఊడ ఏదో కనుక్కోమన్నారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా లేదు.

ఇప్పుడు వెనక్కి చూస్తే ఒకటి అనిపిస్తుంది. వేమన సమాధి ఉన్న కటారుపల్లి మా కదిరి పక్కనే. అలవాటుతో చేదు కూడా తీపవుతుందని చెప్పిన ఆయన పద్యం చిన్నప్పుడే బట్టీ పట్టా. దాన్ని నా జీవితంలో మొదట నిజం చేసి చూపించింది సిగరెట్టే. దగ్గుతూ మొదలుపెట్టినదాన్ని రోజుకు పదిసార్లు, వానైనా ఎండైనా, జ్వరమొచ్చినా వదలకుండా సాధన చేసి తీపి చేసుకున్నా. మాకు నిష్ఠ లేదు, అభ్యాసం చేతకాదు అనే స్నేహితులకు నేను చెప్పేది ఇదే. సిగరెట్ తాగేవాడికి అభ్యాసం చేతకాకపోవడమేంటి? అదే బలం. తిప్పాల్సింది దిక్కు మాత్రమే.

మీరు తాగేవాళ్లయితే మిమ్మల్ని పాపి అనడానికి ఇది రాయలేదు. ఈసారి ప్యాకెట్ చేతికొచ్చినప్పుడు మొహం తిప్పుకోకండి. బొమ్మ చూసి కలిగే ఆ అర నిమిషం వైరాగ్యం పోకముందే దాని కింద నంబరు కూడా చదవండి. మీ ఇంట్లో ఎవరైనా తాగుతుంటే సిగ్గుపడేలా మాట్లాడొద్దు, తోడుగా నడవండి. మాలలో ఉన్న స్వామికి ఆ బంకు ఆయన 41 రోజులు ఇచ్చిన తోడు, 42వ రోజు మనం ఇద్దాం.

కదిరి నరసింహస్వామి అందరినీ చల్లగా చూడాలి. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.