శత్రువుకిచ్చిన మాట

ఎదుటివాడు మాట తప్పితే మన మాటా చెల్లదా?

2006లో ఐక్యరాజ్యసమితి 1701వ తీర్మానంతో ఇజ్రాయెల్, హిజ్బుల్లాల మధ్య కాల్పులు ఆగాయి. సరిహద్దు నుండి లితాని నది వరకు లెబనాన్ సైన్యం, శాంతిదళం తప్ప మరెవరూ ఆయుధాలు పట్టరాదన్నారు. హిజ్బుల్లా ఆయుధాలు వీడలేదు. ఇజ్రాయెల్ విమానాలు లెబనాన్ గగనతలాన్ని అతిక్రమించడమూ మానలేదు. 2023 అక్టోబరు 8న గాజాకు సంఘీభావమంటూ హిజ్బుల్లా వివాదాస్పద షెబా పొలాలపై రాకెట్లు వదిలింది. 2024 మార్చిలో, తమ ఊరి నుండి రాకెట్లు వదలవద్దని సరిహద్దులోని కతోలిక గ్రామం రమీష్ ప్రజలు గుడిగంటలు మోగించారని వార్తలొచ్చాయి.

ఆత్మరక్షణ హక్కును శ్రీసభ కాదనదు. అయినా శత్రువుకిచ్చిన మాటనూ నిలుపుకోవాలని పునీత అగుస్తీను బోధించారు. ఎందుకంటే, మాట తప్పినవారి కంటే ముందు దెబ్బ తినేది నడుమనున్న పసివారే. ఒకరి తప్పు మరొకరి తప్పును ఒప్పు చేయదు.

మన గట్టు తగాదాల్లోనూ ఇది మరువకుందాం. రమీష్ కొరకు ప్రార్థించుదాం.