ఖాళీ గుల్ల ఎవరిది?



సముద్రపు ఒడ్డుకు వెళ్లి వట్టి చేతులతో తిరిగి వచ్చినవారు మీలో ఎందరున్నారు? బహు కొద్దిమందే ఉంటారు. ఎంత పెద్దవారమైనా, తడి ఇసుకలో ఒక గవ్వ మెరిస్తే వంగి తీస్తాం. ఇసుక దులిపి, చెవి దగ్గర పెట్టుకుని హోరు విని, జేబులో వేసుకుంటాం. ఇది తప్పా అని ఎవరైనా అడిగితే నవ్వుతాం. ఒకరి తోటలో కోసింది కాదు, ఒకరి కొట్టులో ఎత్తుకొచ్చింది కాదు. సముద్రం పారవేసింది, మనం ఏరుకున్నాం. ఇందులో తప్పేముంది?

నేను కూడా 2018 డిసెంబరు వరకు అలాగే అనుకున్నాను.

ఆ ఏడు క్రిస్మసు పశువులపాక చుట్టూ గవ్వలు పరిస్తే అందంగా ఉంటుందని నాకే తోచింది. మా విచారణ పిల్లలను ఇరవైమందిని, ఉపదేశిగారిని వెంటబెట్టుకుని విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో రాళ్లున్న ఒక తీరానికి వెళ్లాను. మేము వెళ్లేసరికి సముద్రం ఆటు మీద ఉంది. నీరు వెనక్కి తగ్గి, బండల మధ్య నీటి గుంటలు బయటపడ్డాయి. ఆ గుంటల్లో ఎంత లోకముందో! పువ్వులా విచ్చుకుని, వేలు తగిలితే ముడుచుకుపోయే జీవులు; బండను వదలకుండా టోపీలా అతుక్కున్న గుల్లలు; నీడ పడగానే రాతి సందులోకి జారుకునే పీతలు. పిల్లలు వాటిని చూడబోతుంటే, "ముందు గవ్వలు ఏరండర్రా, పొద్దుపోతోంది" అని తొందరపెట్టింది నేనే. సాయంత్రానికి రెండు సంచులు నిండాయి. ఒక చిన్నవాడు మాత్రం, "ఫాదరుగారూ, ఇవి ఎవరివైనా అయితేనండీ?" అని అడిగాడు. "ఒడ్డున దొరికింది దొరికినవాడిదేరా" అన్నాను.

సంచులు మా బంగళా వరండాలో పెట్టి పడుకున్నాను. తెల్లవారుజామున పూజకు బయలుదేరుతూ తలుపు తీస్తే, గచ్చు మీద గవ్వలు నడుస్తున్నాయి. సంచి మూతిలోంచి బయటపడిన అయిదారు గుల్లలు గోడవారగా మెల్లగా పాకుతున్నాయి. ఒక్కొక్క గుల్లలోనూ ఒక చిన్న పీత. సంచి బోర్లించి చూస్తే అలాంటివి ఇంకా ఎన్నో ఉన్నాయి, చాలావరకు కదలడం లేదు. పూజ అయ్యాక బతికినవాటిని బక్కెట్టులో వేసుకుని, ఉపదేశిగారు, నేను స్కూటరు మీద మళ్లీ ఆ తీరానికే వెళ్లి వదిలివచ్చాం. ఆ ఏడు పశువులపాక చుట్టూ ఎండుగడ్డే పరిచాం.

పిల్లవాడికి నేనిచ్చిన జవాబు నోటికొచ్చి అన్నది కాదు. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదువుకున్నప్పుడు నేర్చుకున్నదే. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరింపజేసిన రోమను న్యాయగ్రంథంలో ఒక సూత్రం ఉంది. గాలి, పారే నీరు, సముద్రం, సముద్రతీరం అందరివీ. ఆ తీరాన దొరికే రాళ్లు, రత్నాలు మాత్రం దొరికిన క్షణాన దొరికినవానివి అవుతాయి. పదమూడవ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసుగారు దొంగతనాన్ని గురించి చర్చిస్తూ, దారిలో దొరికిన వస్తువును తీసుకుంటే దొంగతనమవుతుందా అనే ప్రశ్న వేసుకున్నారు. అక్కడ ఆయన కూడా సముద్రతీరపు రాళ్లను, రత్నాలనే ఉదాహరణగా తీసుకున్నారు. అవి ఏనాడూ ఎవరి సొత్తూ కావు గనుక తీసుకున్నవానికే చెందుతాయని తేల్చారు. ఈ లెక్కన మా పిల్లలు ఏడవ ఆజ్ఞ మీరలేదు.

వాదం సరిగానే ఉంది. రాయికీ రత్నానికీ అది చాలు. నేను దానిని గుల్లకు కూడా చాలుతుందనుకున్నాను.

గుల్ల ఒక నత్త కట్టుకున్న ఇల్లు. సముద్రపు నీటిలోని సున్నాన్ని తీసుకుని, తన ఒంటి నుంచి పొర తరువాత పొరగా స్రవింపజేసి, తనతోపాటు ఆ ఇంటినీ పెంచుకుంటూ పోతుంది. నత్త చచ్చిపోతే గుల్ల మిగులుతుంది. ఇక్కడే మనం "ఖాళీ" అంటాం. కాని ఆ ఖాళీ ఇంటి కోసమే ఎదురుచూసే జీవి ఒకటుంది. దానిని సన్యాసి పీత అంటారు. దాని వెనుక భాగం మెత్తగా, వంకర తిరిగి, పెంకు లేకుండా ఉంటుంది. తన గుల్లను తాను చేసుకోలేదు. నత్త వదిలిన గుల్లలో దూరకపోతే చేపలకో పక్షులకో ఆహారమైపోతుంది. పెరిగినకొద్దీ పాత గుల్ల ఇరుకవుతుంది, మరింత పెద్దది వెతుక్కోవాలి. క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దంలోనే అరిస్టాటిల్ ఈ పీతను గమనించి, పెరిగినకొద్దీ ఇల్లు మారుస్తుందని తన జంతుశాస్త్ర గ్రంథంలో రాశాడు. అరిస్టాటిల్ తర్కాన్ని మేము మూడేళ్లు వల్లె వేశాం. ఆయన పీతలను కూడా చూశాడని మాకు ఎవరూ చెప్పలేదు!

ఈ కాలపు శాస్త్రజ్ఞులు మరొక వింత గమనించారు. ఒక మంచి గుల్ల ఒడ్డున పడితే, కొన్ని పీతలు దాని దగ్గర చేరి పెద్ద నుంచి చిన్న వరకు వరుస కడతాయి. అన్నిటికంటె పెద్దది కొత్త గుల్లలోకి మారగానే, అది వదిలిన దానిలోకి రెండవది, రెండవది వదిలిన దానిలోకి మూడవది, ఇలా వరుసగా మారతాయి. అంటే ఒక్క గుల్ల ఒక్క పీతకే కాదు, ఆ వరుసకంతటికీ ఇల్లిస్తుంది. దానిని మనం జేబులో వేసుకుంటే పోయేది కూడా ఒక్క ఇల్లు కాదు.

"నేనొక్కడిని నాలుగు గవ్వలు తీసుకుంటే సముద్రం తరిగిపోతుందా?" అంటారు. స్పెయిన్ దేశంలో కాటలోనియా తీరాన ఒక బీచిలో 1978-81 మధ్య ఒకసారి, 2008-10 మధ్య మరొకసారి గుల్లలు లెక్కపెట్టారు. ఆ ముప్ఫై ఏళ్లలో అక్కడికి వచ్చే యాత్రికులు దాదాపు మూడింతలయ్యారు. గుల్లలు అరవై శాతానికి పైగా తగ్గాయి. యాత్రికులు ఏరుకుపోవడం, బీచిని శుభ్రం చేసే యంత్రాలు వంటివి ఇందుకు కారణమై ఉంటాయని పరిశోధకులు 2014లో ప్రకటించారు. ఇక 2024లో వెలువడిన మరొక పరిశోధనలో, లోకం నలుమూలల నుంచి జనం తీసిన ఫొటోలను పరిశీలిస్తే, సీసా మూతల వంటి చెత్తను గుల్లలుగా తగిలించుకున్న సన్యాసి పీతలు 386 కనిపించాయి.

ఇక్కడ మీరు ఒక ఆక్షేపణ చేయవచ్చు. పీతకు ఆస్తిహక్కు ఉంటుందా? చేపలు తింటాం, రొయ్యలు తింటాం, పీతల పులుసుకు లొట్టలు వేస్తాం. గుల్ల దగ్గరకు వచ్చేసరికి ఈ నీతులెందుకు? న్యాయమైన ప్రశ్నే. జంతువులు మానవుని అవసరానికి ఉపయోగపడవచ్చునని అక్వినాసుగారు కూడా ఒప్పుకున్నారు. గుల్లలు కాల్చి సున్నం చేసి బతికిన కుటుంబాలు మన కోస్తాలో ఉన్నాయి. ఒకప్పుడు మన ఇళ్ల గోడలకు వేసిందీ ఆ గుల్లసున్నమే. మా గుడిలో జ్ఞానస్నానానికి నీరు పోసే చిప్ప కూడా సముద్రం నుంచి వచ్చినదే. వారి బతుకుతెరువును నేను తప్పుపట్టడం లేదు. పీతకు హక్కు పత్రం రాసిమ్మని కూడా అడగడం లేదు.

మరి నేను చేసిన తప్పు ఏమిటి? దొంగతనం కాదు. ఆకలి తీర్చుకోవడమూ కాదు. తెలియక చేశానని సర్దుకోవచ్చు. కాని నీతిశాస్త్రంలో తెలియకపోవడం రెండు రకాలని చదువుకున్నాం: ఎంత ప్రయత్నించినా తెలుసుకోలేనిది ఒకటి, కాస్త శ్రద్ధ పెడితే తెలిసిపోయేది ఇంకొకటి. మొదటిదానికి మనిషి బాధ్యుడు కాడు. రెండవదానికి బాధ్యుడే. గుల్లను తిప్పి లోపలికి చూడడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క క్షణం. పిల్లవాడు ప్రశ్న కూడా అడిగాడు. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది గనుక నేను చూడలేదు. చదువు కూడా ఒక్కొక్కప్పుడు కళ్లకు గంతలు కడుతుంది.

"ఇది ఎవరిది?" అని అడిగితే "ఎవరిదీ కాదు" అనే జవాబు వస్తుంది, చెయ్యి ముందుకు వెళుతుంది. "ఇది ఎవరికి కావాలి?" అని అడిగితే చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. ద్వితీయోపదేశ కాండములో దారిపక్కన కనిపించే పక్షిగూటిని గురించి ఒక చట్టముంది. పిల్లలను తీసుకోవచ్చునట గాని తల్లిని వదిలిపెట్టాలట. ఆ గూడు కూడా ఎవరి సొత్తూ కాదు. అయినా తీసుకునే చేతికి ఒక హద్దు ఉంది.

ఇది పీతలతో ఆగే విషయం కాదు. రెవెన్యూ లెక్కల్లో పోరంబోకు అని రాసిన తీరపు నేలను చూసి "ఖాళీగా పడి ఉంది" అంటాం. అక్కడే మత్స్యకారులు పడవలు లాగి పెట్టుకుంటారు, వలలు ఆరబెట్టుకుంటారు, ఆడవారు చేపలు ఎండబెట్టుకుంటారు. మధ్యాహ్నం కారులో వచ్చి చూసినవానికి అది ఖాళీయే. వేకువన వచ్చి చూసినవానికి కాదు. ఇంట్లో ముసలితల్లి "ఖాళీగానే కూర్చుంది కదా" అని పనులన్నీ ఆమెకు అప్పజెబుతాం. ఆ ఖాళీలో ఆమె ఏమి అనుభవిస్తోందో ఎప్పుడైనా వంగి చూశామా?

పాఠకులారా, సముద్రానికి వెళ్లవద్దని నేననను. తప్పక వెళ్లండి, పిల్లలను తీసుకువెళ్లండి. ఆటు వేళ వెళితే ఎక్కువ చూడవచ్చు. రాయి ఎత్తి చూస్తే మళ్లీ అలాగే పెట్టండి, దాని కింద కాపురాలుంటాయి. కోను ఆకారంలో ఉండే గుల్లలను ముట్టనివ్వకండి. వాటిలోని నత్తలు విషపు ముల్లుతో గుచ్చుతాయి, కొన్ని జాతుల కాటుకు మనుషులు చనిపోయారు కూడా. దుకాణాల్లో నిగనిగలాడే గవ్వ సాధారణంగా ప్రాణముండగా పట్టినదేనని గుర్తుంచుకోండి. అలల్లో దొర్లి వచ్చినది రంగు వెలిసి, అంచులు అరిగి ఉంటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు 2001లో పగడాలు, సముద్రపు గుర్రాలు, కొన్ని రకాల శంఖాలు, చిప్పలు చేరాయన్నదీ మరువకండి. ఒక గుర్తు కావాలనుకుంటే విరిగిన ముక్క తెచ్చుకోండి.

"చిల్లిగవ్వకు కొరగాడు" అని మనం తేలికగా అంటాం. ఒకప్పుడు గవ్వలే ఈ దేశంలో డబ్బుగా చెలామణి అయ్యాయి. మనం కట్టిన విలువను మనమే తీసివేశాం. ఒడ్డున ఇల్లు వెతుక్కునే పీతకు మాత్రం గుల్ల విలువ ఎన్నడూ తగ్గలేదు.

మరుసటి ఏడు అదే తీరానికి అదే పిల్లలతో వెళ్లాను. ఈసారి సంచులు తీసుకువెళ్లలేదు. ఆ చిన్నవాడు ఒక గుల్లను అరచేతిలో పెట్టుకుని, కదలకుండా, లోపలి పీత బయటకు వచ్చేవరకు కాచుకున్నాడు. వచ్చాక నన్ను పిలిచి చూపించి, తీసిన చోటనే దించాడు. అతని ప్రశ్నకు నేను ఇవ్వవలసిన జవాబు అదే.