ఆ ఏడుగురిలో ఆమె ఎవరి భార్య?

నాలుగో భాగం దాకా సాగదీసిన ప్రేమకథ అంటే నాకు ముందే అనుమానం. అయినా ‘బ్రిడ్జెట్ జోన్స్: మ్యాడ్ అబౌట్ ద బాయ్’ చూడొచ్చా అని మా ఆడపడుచు అడిగితే చూడమనే చెప్పాను. ఒక్కదాన్నే చూడనంటే పక్కన కూర్చుని నేనూ మళ్లీ చూశాను. రాజమండ్రిలో డిగ్రీ పిల్లలకు తత్వశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని. మావారు పోయాక పెద్దగా సినిమాల జోలికి పోలేదు. ఇది మాత్రం నా సబ్జెక్టులోకి వచ్చి కూర్చుంది.

2001లో వచ్చిన మొదటి సినిమాలో బ్రిడ్జెట్ ముప్పై దాటినా పెళ్లికాని లండన్ పిల్ల. బరువెంత పెరిగిందో, సిగరెట్లెన్ని కాల్చిందో డైరీలో రాసుకుంటుంది. జేన్ ఆస్టిన్ 1813 నాటి నవల నుంచి అరువు తెచ్చుకున్న డార్సీ ఆమెకు దక్కాడు. 2025 నాటి ఈ భాగంలో ఆ డార్సీ లేడు. సూడాన్‌లో సహాయ కార్యక్రమానికి వెళ్లి చనిపోయి నాలుగేళ్లయింది. ఆమెకు ఇద్దరు పిల్లలు, వయసు యాభైల్లో పడింది. దీనికి మూలమైన 2013 నవలలో హెలెన్ ఫీల్డింగ్ డార్సీని చంపేసినప్పుడు పాఠకులు గోల పెట్టారు. రచయిత్రిదే సరైన పని అంటాను. ఆయన బతికుంటే ఈ కథలో అలకలూ రాజీలూ తప్ప ఏం మిగిలేవి? పోయాడు కాబట్టే, భర్త పోయినామె ఇక ఎవరిదన్న అసలు ప్రశ్న పుట్టింది.

ఆ ప్రశ్న మత్తయి సువార్త 22వ అధ్యాయంలో ఉంది. పునరుత్థానాన్ని నమ్మని యూదు వర్గం సద్దూకయ్యులు యేసును ఇరుకున పెట్టాలని ఒక కథ అల్లుకొస్తారు. ఏడుగురు అన్నదమ్ములు. పెద్దవాడు పిల్లలు లేకుండా పోతే, వంశం నిలపడానికి మోషే ధర్మం ప్రకారం అతని భార్యను తమ్ముడు చేసుకోవాలి. అతడూ పోతాడు, ఆ తర్వాతివాడూ పోతాడు, అలా ఏడుగురూ. చివరికి ఆమె కూడా పోతుంది. పునరుత్థానంలో ఆమె ఎవరి భార్య? అక్కడ పెళ్లిళ్లు ఉండవు పొమ్మన్నాడు యేసు. ఆమెను ఆస్తిలో వాటాలా లెక్కేసే ఆ పద్ధతినే తోసేశాడని నేను పాఠం చెప్పేదాన్ని. అయినా ఒక కోపం ఉండిపోయేది. ఏడుగురి పెళ్లిళ్లు అయ్యాయి, ఏడుగురి చావులు అయ్యాయి, నీకేం కావాలమ్మా అని ఆ కథలో ఆమెను అడిగినవాడు లేడు.

ఇంగ్లండులో బ్రిడ్జెట్‌కు మతం అడ్డు లేదు. చర్చిలో చేసే ప్రమాణమే మరణం వరకు అని. భర్త పోతే భార్యకు బంధం తీరిందని రోమీయులకు రాసిన పత్రికలో పౌలూ అన్నాడు. మనకు లెక్క వేరు, బంధాన్ని జన్మజన్మలకూ పొడిగించుకున్నాం. 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది, 1881 డిసెంబరు 11న మా ఊళ్లోనే వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఎంత గొప్ప సాహసమో ఆయన ఎదుర్కొన్న వెలివేతలు చెబుతాయి. కానీ ఆ పోరాటం ప్రధానంగా కాపురమంటే తెలియని బాల వితంతువుల కోసం. చక్కగా కాపురం చేసి, పిల్లల్ని కని, యాభై దాటిన మనిషికి తోడు కావాలనిపిస్తే? సంస్కర్తల వాదంలోనూ ఆమెకు చోటు దొరకడం కష్టమే.

సినిమా ఆమెనే తీసుకుంది. మొదట్లోనే బ్రిడ్జెట్ స్నేహితుల ఇంటికి భోజనానికి వెళుతుంది, పక్కనే డార్సీ. తలుపు తెరుచుకునేసరికి ఆమె ఒక్కతే. పిల్లలతో కలిసి ఆయన పుట్టినరోజుకు ఉత్తరాలు రాసి బెలూన్లకు కట్టి వదులుతుంది. అక్కడ మా ఆడపడుచు, “వదినా, అన్నయ్యకి నువ్వయితే ఏం రాస్తావు?” అంది. గ్యాస్ పుస్తకం ఎక్కడ పెట్టారని రాస్తానన్నాను. ఇద్దరం నవ్వాం, తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మధ్యలో ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడు రాక్‌స్టర్‌తో నడిచే ప్రేమ ఉంది. “పిల్లాడు బాగానే ఉన్నాడు గానీ, రేపు వీడికి పిల్లలు కావాలంటే?” అని మా ఆడపడుచు తీర్పు. నాకు మాత్రం తత్వవేత్త కీర్కెగార్డ్ గుర్తొచ్చాడు. ఆయన 1843లో రాసిన ‘పునరావృత్తి’లో ఒకాయన పాత ఆనందం మళ్లీ దొరుకుతుందా అని బెర్లిన్ వెళతాడు. అదే బస, అదే నాటకశాల, పాత రుచి మాత్రం దొరకదు. రాక్‌స్టర్ కథ బ్రిడ్జెట్ చేసిన బెర్లిన్ ప్రయాణం. అతడు తిరిగొచ్చి బతిమాలినా ఆమె వద్దంటుంది. అతనిలో తప్పేమీ లేదు, తనకు కావలసింది అది కాదని తెలిసింది, అంతే.

తర్వాత పిల్లాడి సైన్సు మాస్టారు వాలికర్. తండ్రి కోసం బెంగపడే బిల్లీతో ఆయన మాట్లాడే తీరు నాకు బాగా నచ్చింది. ఆ ఇంట్లో చనిపోయినాయన్ని పక్కకు నెట్టకుండానే ఈయన లోపలికి రాగలడు. బిల్లీకి నాన్న నాన్నే. రెండో ప్రేమ మొదటిదాన్ని తరిగించదనే మాట ఉపన్యాసం లేకుండా చెప్పిన చోటు ఇది.

లోపాలూ చెప్పాలి. మొదట బిర్రబిగుసుకుని తర్వాత కరిగే ఈ వాలికర్‌ను కూడా డార్సీ కొలతలకే కుట్టేశారు. పాత ప్రేక్షకులు అలవాటు పడ్డ బట్టే మళ్లీ అమ్మారు. హాంప్‌స్టెడ్‌లో ఇల్లు, పిల్లల్ని చూసుకునే ఆయా ఉన్న వితంతువుకు బెంగ ఒక్కటే సమస్య. ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మా వాళ్లకు ప్రేమ సంగతి ఆలోచించే తీరికెక్కడిది?

అయినా చూడండి. మొదటి భాగం చూసి నేరుగా దీనికి వచ్చేయండి, మధ్యలో రెండూ చూడకపోతే నష్టం లేదు. మీ ఇంట్లో ఒంటరిగా మిగిలిన పిన్నో, అక్కో, బావగారో ఉంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. అయ్యాక సలహాలు మొదలెట్టకండి. మీకేం కావాలని ఒక్కసారి అడగండి, చెప్పేదాకా ఆగండి.