టోకెన్ ఎవరి చేతిలో ఉంది?

"తీవ్రవాదుల చేతికి అణుబాంబు చిక్కితే ఏమవుతుందమ్మా?"

అడిగింది మా మావయ్య. రైల్వేలో గార్డుగా రిటైరై, ఇప్పుడు బిలాస్‌పూర్ వ్యాపార్ విహార్‌లో ఒక పప్పుల గోదాములో లెక్కలు రాస్తున్నారు. నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆయన వేసిన ప్రశ్నల్లో కొన్నిటికి పాఠ్యపుస్తకం జవాబులు చాలలేదు. అందుకే ఈ సంభాషణను రాస్తున్నాను.

"బాంబు తయారీ గుప్పెడు మనుషుల వల్ల అయ్యే పని కాదు మావయ్యా. దానికి ఒక దేశానికి ఉండేంత యంత్రాంగం కావాలి. నా భయం అంతకంటే చిన్న వస్తువుల గురించి. సీజియం-137, కోబాల్ట్-60 లాంటి రేడియోధార్మిక పదార్థాలు. కాన్సర్ వైద్యంలో, చమురు బావుల పరీక్షలో, బొగ్గు వాషరీల్లో సాంద్రత కొలిచే గేజీల్లో వాడతారు. వాటిని మామూలు పేలుడుతో ఒక బజారు మీద చల్లితే చచ్చిపోయేవాళ్ళు కొద్దిమందే కావచ్చు. కానీ ఆ బజారులోకి జనం ఏళ్ళ తరబడి కాలు పెట్టరు."

"అలాంటివి దొరుకుతాయా?"

"2019 జనవరిలో రాజమండ్రి ఓఎన్‌జీసీలో సీజియం-137 ఉన్న పరికరం కనిపించకుండా పోయింది. చివరికి కృష్ణా జిల్లా కలిదిండిలో పాత ఇనుము కొట్లో దొరికింది."

"దొరికింది కదా!"

"అవును, విప్పకముందే దొరికింది. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో అలా జరగలేదు. ఖాళీ చేసేసిన ఆసుపత్రి నుంచి ఇద్దరు ఒక యంత్ర భాగాన్ని మోసుకుపోయి తుక్కు వ్యాపారికి అమ్మారు. లోపలి పొడి చీకట్లో నీలంగా మెరుస్తుంటే ఇంటివాళ్ళూ బంధువులూ ముచ్చటపడి పంచుకున్నారు. నలుగురు చనిపోయారు. లక్షా పన్నెండు వేల మందికి పైగా పరీక్షలు చేస్తే 249 మందికి ఆ పొడి అంటినట్టు తేలింది. ఆ కథలో ఒక్క దుర్మార్గుడు కూడా లేడు."

మావయ్య కాసేపు ఆలోచించారు. "మరి దుర్మార్గుడు ఉంటే?"

1995 గురించి చెప్పాను. చెచెన్ నాయకుడు బసాయెవ్ మనుషులు మాస్కోలోని ఇజ్‌మైలొవో పార్కులో సీజియం ఉన్న పొట్లాన్ని పాతిపెట్టి, ఆ సంగతి టీవీ వాళ్ళకు చెప్పారు. పేల్చలేదు. భయపెట్టడమే వాళ్ళకు కావలసింది.

"అయితే ప్రభుత్వాలకి ఇందులో పాపం లేదన్నమాట."

ఆ మాటకు నేను ఒప్పుకోలేదు. 2006 నవంబరులో లండన్‌లో లిత్వినెంకో అనే మాజీ రష్యన్ గూఢచారి పొలోనియం-210 కలిపిన టీ తాగి చనిపోయాడు. హత్యకు సరిపడా పొలోనియం రియాక్టరు ఉన్నచోటే పుడుతుంది. ఇది బహుశా పుతిన్ ఆమోదంతో జరిగిన పని అని 2016లో బ్రిటన్ విచారణ నివేదిక తేల్చింది. రష్యా కాదంది. ఇక్కడ చేసింది ఏదో ముఠా అని తప్పించుకోవడం కష్టం.

"అది కావాలని చేసిన హత్య. వదిలేసిన సరుకు సంగతేంటి?"

ఈ ప్రశ్న నన్ను ఎక్కువసేపు ఆపింది. 2001 డిసెంబరులో జార్జియాలోని లియా గ్రామం దగ్గర కట్టెలకు వెళ్ళిన ముగ్గురికి అడవిలో వేడిగా ఉన్న రెండు డబ్బాలు కనిపించాయి. చుట్టూ మంచు కరిగి ఉంది. చలికి వాటి పక్కనే పడుకున్నారు. సోవియట్ కాలం నాటి విద్యుత్ పరికరాల్లోని స్ట్రాన్షియం-90 అది. ఒకతను తర్వాత చనిపోయాడు. ఆ డబ్బాలు చేయించిన దేశం 1991లోనే లేకుండా పోయింది.

మన దగ్గరా అంతే. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం 1985 నుంచీ వాడకుండా పడేసిన గామా యంత్రాన్ని వేలంలో తుక్కు కింద అమ్మింది. మాయాపురి తుక్కు బజారులో దాన్ని విప్పారు. ఒకరు చనిపోయారు.

మావయ్య తన ఉద్యోగంలోంచి మాట్లాడారు. "మా రోజుల్లో సింగిల్ లైన్‌లో డ్రైవరు చేతిలో అనుమతి టోకెన్ లేకుండా బండి రెండు స్టేషన్ల మధ్య బ్లాక్‌లోకి అడుగుపెట్టేది కాదు. అవతలి స్టేషన్ మాస్టరు ఆ టోకెన్ అందుకునేదాకా ఇవతలివాడి బాధ్యత తీరేది కాదు. సీజియానికి టోకెన్ ఎవరిస్తారు?"

"అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, లైసెన్సు ఇస్తుంది. వాడకం అయ్యాక సరఫరా చేసినవాళ్ళకు తిరిగి పంపాలన్నది నిబంధన."

"నిబంధన సరే. సీజియం సగానికి తగ్గడానికి ఎన్నేళ్ళు?"

"ముప్పై."

"అంటే ఒక మనిషి సర్వీసంత. చార్జి తీసుకున్నవాడు రిటైరైపోతాడు, రిజిస్టరు చెదలు తింటుంది. అక్కడ సగం విషం ఇంకా మిగిలే ఉంటుంది."

ఇంత సూటిగా ఏ పుస్తకంలోనూ చదవలేదు నేను. నా దృష్టిలో ప్రభుత్వం చేయి అంటే హత్య చేయించడం ఒక్కటే కాదు. పుట్టించినదాన్ని చివరిదాకా కనిపెట్టుకోకపోవడం కూడా అందులో భాగమే. తీవ్రవాది సీజియాన్ని పుట్టించలేడు. ఎవరో ఏమరుపాటుగా వదిలినదాన్నే ఎత్తుకుపోతాడు.

అణు తీవ్రవాదాన్ని అణచే ఐక్యరాజ్యసమితి ఒప్పందం 2005లో వచ్చిందని చెప్పాను. అందులో నాలుగో అధికరణం, దేశాలు అణ్వాయుధాలు వాడటం, వాడతామని బెదిరించడం చట్టబద్ధమా కాదా అన్న విషయంలోకి ఈ ఒప్పందం వెళ్ళదని స్పష్టంగా అంటుంది.

"దొంగకి చట్టం, దొరకి మినహాయింపా?"

"ఆ మినహాయింపు లేకపోతే అణ్వాయుధాలున్న దేశాలు సంతకం పెట్టేవి కావు మావయ్యా. కొంతయినా దక్కింది. భారత్, పాకిస్తాన్ ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయబోమని 1988లో ఒప్పందం చేసుకుని, 1992 నుంచి ప్రతి జనవరి 1న జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. బద్ధశత్రువులు కూడా రాసుకున్న మాట నిలుపుకోగలరు."

"నిలుపుకోనీ. కానీ బెదిరించే హక్కు మాత్రం ఉంచుకుని, ఇంకొకణ్ణి తీవ్రవాది అంటే నా మనసు ఒప్పుకోదు."

నేను ఆయన్ని ఒప్పించలేకపోయాను. ఆయనదే న్యాయమని ఇప్పుడు నాకూ అనిపిస్తోంది.

చట్టం మారేదాకా మన చేతిలో ఉన్నది ఒకటుంది. పాత ఇనుము కొనేవాళ్ళూ, అమ్మేవాళ్ళూ, లారీలకు లోడు ఎత్తే హమాలీలూ ఇది గుర్తుంచుకోవాలి: రేడియేషన్‌ను సూచించే మూడు రేకుల గుర్తు ఉన్న పెట్టె గానీ, సైజుకు మించిన బరువున్న సీసం డబ్బా గానీ కనిపిస్తే విప్పకండి, కొట్టకండి, ఇంటికి తీసుకెళ్ళకండి. పిల్లల్ని దూరంగా పంపి, మీరూ దూరం జరిగి, 112కి ఫోన్ చేయండి.