మౌనవ్రతుల మద్యం: ‘చాలినంత’ అన్న ప్రశ్న

ధర్మశాస్త్రకారులు సురాపానాన్ని పంచమహాపాతకాలలో చేర్చి దోషభారాన్ని ప్రధానంగా తాగేవాడి మీద మోపగా, బౌద్ధం అమ్మేవాడిని కూడా విచారణలోకి తెచ్చింది. అంగుత్తర నికాయంలోని వణిజ్జ సుత్తం ఉపాసకుడు, అంటే గృహస్థుడైన బౌద్ధుడు, చేయరాని ఐదు వర్తకాలను చెబుతూ ఆయుధాలు, ప్రాణులు, మాంసం, విషాలతో పాటు మత్తుపదార్థాలను కూడా పేర్కొంటుంది. ఈ సంప్రదాయాలు ఎరిగిన పాఠకుడికి, ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ పర్వతాలలో తొమ్మిది శతాబ్దాలకు పైబడిన ఏకాంతవ్రత పరంపరకు చెందిన కార్తూజియన్ సన్యాసులు, 55 శాతం ఆల్కహాలు గల మద్యాన్ని తయారుచేసి దాని రాబడితో తమ మఠాలను పోషించుకుంటున్నారన్న సంగతి విడ్డూరంగా తోచవచ్చు. లోకాన్ని విడిచినవాడు లోకానికి మద్యం ఎందుకు పంపాలన్న ప్రశ్న న్యాయమైనదే గాని, అంతకంటే లోతైన ప్రశ్న ఒకటి దాని వెనక ఉంది: సర్వసంగపరిత్యాగికి జీవిక తప్పనిసరి అయినప్పుడు, ఆ జీవికకు హద్దు ఎవరు, దేన్ని బట్టి గీయాలి?

ఈ మద్యానికి సన్యాసంతో బంధుత్వం కేవలం ఆర్థికమైనది కాదనడానికి బట్టీపట్టే, అంటే స్వేదనం చేసే, ప్రక్రియ చరిత్రే సాక్ష్యం. పులిసిన ద్రవాన్ని వేడిచేస్తే, నీరు మరిగే 100 డిగ్రీల కంటే ముందే, సుమారు 78 డిగ్రీల దగ్గర మరిగే ఆల్కహాలు అధికంగా ఆవిరిలో చేరుతుంది. ఆ ఆవిరిని చల్లబరిస్తే మొదటి ద్రవం కంటే ఎంతో ఘాటైన ద్రవం చుక్కలుగా దిగుతుంది. మధ్యయుగపు ఐరోపా పండితులు దీనిని స్థూలం నుంచి సూక్ష్మాన్ని వేరుచేసే తత్త్వసాధనకు ప్రత్యక్ష రూపంగా చూశారు. 14వ శతాబ్దపు ఫ్రాన్సిస్కన్ సన్యాసి, చెరసాలలో ఏళ్లు గడిపిన రూపెసిస్సా జాన్, పదేపదే బట్టీపట్టిన ద్రాక్షసారాన్ని పంచమసారం అన్నాడు. అంటే భూమి, నీరు, గాలి, నిప్పు అనే నాలుగు భూతాలకు అతీతమైన, చెడిపోని, శరీరాన్ని కుళ్లనివ్వని తత్త్వం. లాటిన్‌లో ఆ ద్రవానికి జీవజలం అని పేరు. ఆత్మను, బట్టీ మద్యాన్ని ఇంగ్లీషువారు ఒకే మాటతో పిలవడం వెనక కూడా ఈ భావనే ఉంది.

కొలోన్ నగరానికి చెందిన బ్రూనో 1084లో ఆరుగురు సహచరులతో గ్రెనోబుల్ సమీపాన షార్త్రూజ్ కొండల్లో నెలకొల్పిన ఈ కార్తూజియన్ సంఘంలో ప్రతి సన్యాసికీ చిన్న తోటతో కూడిన విడి నివాసం ఉంటుంది. అతడు రోజులో అధికభాగం అక్కడే ఒంటరిగా గడిపి, నడిరేయి ప్రార్థన వంటి కొన్ని వేళల్లో మాత్రమే ఆలయానికి వస్తాడు. సంఘచరిత్ర ప్రకారం 1605లో ఫ్రెంచి సేనాని మార్షల్ దెస్త్రే పారిస్‌లోని కార్తూజియన్లకు ఒక ఔషధ యోగం రాసిన ప్రతిని అప్పగించాడు. చిక్కుముడిలాంటి ఆ ప్రతిని 18వ శతాబ్దంలో మఠపు మందుల తయారీ చూసే సోదరుడు జెరోమ్ మోబెక్ విప్పనారంభించగా, 1764 నాటికి 69 శాతం ఆల్కహాలు గల మూలికాసారం రూపుదిద్దుకుంది. దాని నుంచే పచ్చ షార్త్రూజ్, తరువాత 19వ శతాబ్దంలో మృదువైన పసుపు షార్త్రూజ్ పుట్టాయి. మూలికలు, తీపి చేర్చిన ఇటువంటి బట్టీ మద్యాన్ని లిక్యూర్ అంటారు. ఇందులో 130 మొక్కలు పడతాయని, యోగం మొత్తం ఏ కాలంలోనైనా ఇద్దరు ముగ్గురు సన్యాసులకు మాత్రమే తెలుస్తుందని మఠం చెబుతుంది.

అయితే ఈ చరిత్రలో మద్యం కంటే ఆరు శతాబ్దాలు పాతదైన అంశం ఒకటుంది, వ్యాఖ్యాతలు తరచు దాన్ని దాటిపోతారు. ఐదవ మఠాధిపతి గిగో 12వ శతాబ్దపు తొలిభాగంలో కూర్చిన ఆచారగ్రంథం, మఠంలో ఏకాంతవాసులు పదముగ్గురికి, చేతిపనులు చూసే సోదరులు పదహారుగురికి మించరాదని కట్టడి చేసింది. మఠపు సరిహద్దుల వెలుపల పొలాలూ ఆస్తులూ ఉంచుకోరాదనీ శాసించింది. కారణం కూడా అందులోనే ఉంది: ఆ బంజరు కొండ మోయగలిగినదానికంటే సంఖ్య పెరిగితే యాచన కోసం ఊళ్లు తిరగాల్సివస్తుంది, తిరుగుడు మొదలైతే ఏకాంతం పోతుంది. యోగశాస్త్రం చెప్పిన అపరిగ్రహం, అంటే అవసరానికి మించి చేతిలోకి తీసుకోకపోవడం, వ్యక్తికి సంబంధించిన యమం; గిగో దాన్ని ఒక సంస్థకు నియమంగా మార్చాడు. వ్యక్తి పేదగా ఉంటూ సంస్థ సంపన్నమయ్యే ప్రమాదాన్ని అంత ముందుగా గుర్తించడం అసాధారణ దూరదృష్టి అనక తప్పదు.

1903లో ఫ్రెంచి ప్రభుత్వం సన్యాసులను దేశం నుంచి వెళ్లగొట్టింది; వారు స్పెయిన్‌లోని తారగోనాలో బట్టీ సాగించి, కొన్ని దశాబ్దాలకు తిరిగి వచ్చారు. 21వ శతాబ్దంలో మిశ్రమ పానీయాల మోజుతో పచ్చ షార్త్రూజ్‌కు గిరాకీ విపరీతంగా పెరిగినప్పుడు, 2019లో సంఘం ఉత్పత్తిని పెంచరాదని తీర్మానించింది. 2023 ఆరంభంలో ఆ సంగతి లోకానికి తెలిసింది. ప్రార్థనకూ ఏకాంతానికీ మొదటి స్థానం దక్కాలనీ, కొండల పర్యావరణం మీద భారం పెరగకూడదనీ చెప్పిన కారణాలు గిగో కట్టడికి సూటిగా వారసులు. దీన్ని వ్యాపార చాతుర్యంగా చదివినవారు ఆచారగ్రంథాన్ని చూడలేదనే అనుకోవాలి.

అయినా వణిజ్జ సుత్తం వేసిన ప్రశ్నకు ఈ తీర్మానం జవాబు కాజాలదు. సన్యాసులు గీసిన గీత తమ ఏకాంతాన్ని కాపాడుతుంది. సీసా చేరిన ఇంట్లో ఏం జరుగుతుందన్నది దాని పరిధిలోకి రాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణానికి అడ్డం నిలిచినప్పుడు వారి తర్కం తయారీదారు నిష్ఠతో కాక, ఇంటికి రాని కూలిడబ్బుతో మొదలైంది. ఖరీదైన మూలికామద్యాన్ని, పేదవాడి కూలిని మింగే సారాను ఒకే తక్కెడలో తూచడం సరికాకపోవచ్చు. కాని హద్దు అన్నది చేసేవాడి వైపు నుంచే కాక, పుచ్చుకునేవాడి వైపు నుంచీ గీయవలసినదని ఆ స్త్రీలు చూపారు. మఠపు ఆలోచనలో ఈ రెండవ గీతకు చోటు కనబడదు, అది లోపమే.

పైగా, త్యాగబుద్ధితో విధించుకున్న పరిమితి విపణిలో మరో రూపం దాల్చింది. సరుకు కొరతతో అమెరికాలో పచ్చ షార్త్రూజ్ ధరలు పెరిగాయి, కొందరు దాచుకోవడానికి కొన్నారు. అపరిగ్రహం నుంచి పుట్టిన సీసా పరిగ్రహానికి వస్తువైంది. గిగో కట్టడి మఠద్వారం దాకానే చెల్లుతుంది, ద్వారం దాటిన సీసా మీద సన్యాసికి అధికారం లేదు.