నూరు వాట్ల విద్యుత్తు ఏ పద్దున వ్రాయవలెను?

మదురకు దక్షిణమున తూత్తుకుడి తీరమునుండి సుమారు 6 కిలోమీటర్ల దూరమున, 20 మీటర్ల లోతు నీటిలో, మద్రాసు ఐ.ఐ.టి. వారు 2022 నవంబరు నెలలో ‘సింధుజ’ అను యంత్రమును దింపి పరీక్షించిరి. ఆచార్య అబ్దుస్ సమద్ గారు ఆ పరిశోధనకు నాయకులు. నీటిపై తేలు బోయా అలతోపాటు లేచి పడుచుండును. దాని నడిమి రంధ్రముగుండా పోవు పొడవైన కడ్డీ నిలకడగా నుండును. ఈ రెంటి నడుమ కలుగు కదలికనుండియే విద్యుత్తు పుట్టును. వచ్చినది 100 వాట్లు. పాతకాలపు పెద్ద బల్బు ఒకటి వెలుగుటకు చాలును. మూడేండ్లలో 10 లక్షల వాట్లకు చేరవలెనని నాడు వారు చెప్పుకొన్న గమ్యము.

కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లున్నదని నవ్వువారు కలరు. మేము మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, జీవితమంతయు గుమాస్తా ఉద్యోగమున జమాఖర్చులు వ్రాసినవారము. యంత్రశాస్త్రమున నోరు విప్పు అధికారము మాకు లేదు. కాని ఒక ప్రశ్న మాత్రము మా బల్లమీదికి వచ్చునదే. వెంటనే ఫలమీయని పరీక్షకైన ధనమును ఏ పద్దున వ్రాయుట ధర్మము?

నష్టపు పద్దున వ్రాయుదమన్నచో మన చరిత్రయే అడ్డము వచ్చును. 1930 దశకపు తొలినాళ్లలో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్తు దిగిరాకున్నచో కోయంబత్తూరు మిల్లులు అంత వేగముగా పెరిగియుండవు. ఆ మిల్లులను నమ్ముకొని మన కుటుంబములెన్నియో ఇండ్లు కట్టుకొనినవి, పిల్లలను చదివించుకొనినవి. జి.డి. నాయుడు గారును, డి. బాలసుందరం నాయుడు గారును 1937లో మన దేశపు తొలి విద్యుత్ మోటారును తయారుచేసిరని సభలలో గర్వముగా చెప్పుకొందుము. అంతకుముందు ఎన్ని తీగచుట్టలు మాడియుండునో ఎవ్వరు లెక్కించిరి? ఒకరి పరీక్షల ఫలమును అనుభవించుచు పరీక్షల ఖర్చును దండుగ యనుట, పెండ్లిభోజనము చేసివచ్చి పందిరి ఖర్చును తప్పుపట్టుట వంటిది. మన పెద్దలు ఋషిఋణమని యొకటి చెప్పిరి. విద్య నిచ్చినవారికి తీర్చవలసిన ఆ బాకీ పద్దునకే ఈ ఖర్చు చేరునని మా అభిప్రాయము.

అట్లని ఋణము పేరు చెప్పి ఎంతైనను ఖర్చు చేయవచ్చునా? ఇచ్చట గుమాస్తా బుద్ధి ఊరకుండదు. ఫలము రాకపోయినను లెక్క రావలెను. తిరువనంతపురము చెంతనున్న విళింజమున 1991లో ఇదే ఐ.ఐ.టి. వారి కృషితో 150 కిలోవాట్ల అలల విద్యుత్ కేంద్రము వెలసినది. సిమెంటు గదిలోనికి అల చొచ్చినప్పుడు గాలి పైకి తన్నును, అల తీసినప్పుడు లోనికి పీల్చబడును. గాలి ఎటు వీచినను చక్రము ఒకే దిశకు తిరుగును. ముచ్చటైన యుక్తి! కాని నైరుతి ఋతుపవనము నాటి బలము తక్కిన నెలలలో అలకు ఉండదు. తరువాత ఆ కేంద్రమును ఉప్పునీటిని మంచినీరుగా మార్చుటకు కూడ వినియోగించిరి. పిమ్మట అది నిలిచిపోయినది. నిలిచిపోయినను, ఏ నెలలో సముద్రమెంత ఇచ్చునో అచ్చట కొలిచి తెలిసికొనిరి. అది వ్యర్థమనజాలము.

బ్రిటనులో జరిగినది వేరు. 1973 నాటి చమురు సంకటము పిమ్మట ఎడింబరో ఆచార్యులు స్టీఫెన్ సాల్టర్ గారు ‘బాతు’ అను అలల యంత్రమును రూపొందించిరి. 1982లో ప్రభుత్వము అలల పరిశోధనకు ధనసహాయమును విరమించినది. విద్యుత్తుకగు ఖర్చును ఎక్కువచేసి చూపిరని ఆనాటి అంచనాలపై పిమ్మట పెద్ద వివాదము రేగినది. యంత్రము ఓడినచో మరల కట్టవచ్చును. లెక్కయే చెడినచో తరువాతి వాడు ఎచ్చటనుండి మొదలుపెట్టవలెను?

మరియొక పద్దు సాధారణముగా ఖాతాకెక్కదు. దూరముగా నున్న మనకు సముద్రము ఖాళీగా కనబడును. జాలరికి అది చేను. మన చేలలో విద్యుత్ స్తంభము నాటవచ్చిన వారిని ఎన్ని ప్రశ్నలడిగితిమో మరచితిమా? ఏ తీరమున యంత్రమును దింపినను వలలు వేయు చోటును, కాలమును జాలరులనే ముందడుగవలెను. దాని గొలుసుకు తగిలి వల చినిగినచో ఆ వెల ఎవరిత్తురో యంత్రము నీట దిగకమునుపే కాగితముపై నుండవలెను. మొత్తము స్వల్పమే కావచ్చును. 100 వాట్లకు ఒక గడి గీసినప్పుడు, దాని ప్రక్కనే దీనికి కూడ ఒక గడి గీయవలెను.