కొల్లేరు నిన్నటిదేనా?

తొమ్మిదో తరగతి పిల్లవాడు ‘ఎక్స్ = ఎక్స్ + 1’ అని రాస్తే లెక్కల మాస్టారు తప్పని కొట్టేస్తారు. రెండు వైపులా ఎక్స్ తీసేస్తే సున్నా ఒకటితో సమానమవుతుంది. ఇంజనీరింగ్‌లో చేరి సి భాష మొదలుపెట్టగానే అదే వరుస ఒప్పవుతుంది. ఎక్స్ అనే గదిలో ఉన్న అంకెకు ఒకటి కలిపి తిరిగి అందులోనే పెట్టమని అక్కడ దాని అర్థం. తర్వాత ఎప్పుడో హాస్కెల్ లాంటి ఫంక్షనల్ భాష ఎదురైతే ఆ వరుస మళ్లీ పనికిరాకుండా పోతుంది. హాస్కెల్ దాన్ని ఆజ్ఞగా తీసుకోదు, నిర్వచనంగా చదువుతుంది. ఎక్స్ ఎంతో తేలాలంటే ముందు ఎక్స్ తెలియాలి. జవాబు ఎన్నటికీ రాదు.

కొత్తగా నేర్చుకునేవారు మొదట తడబడేది ఇక్కడే. తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన ఎన్‌ఐటీలో చదివినా, ఏలూరులో ఇంటి దగ్గర కూర్చుని సొంతంగా నేర్చుకున్నా ఈ చిక్కు తప్పదు. చాలామంది దీన్ని వ్యాకరణం చిక్కు అనుకుంటారు. నిజానికి ఇది తత్వశాస్త్రం అడిగిన పాత ప్రశ్న. ఒక వస్తువు తానుగా ఉంటూనే మారుతుందా, లేక ఒకటి పోయి దాని చోట మరొకటి వస్తుందా?

ఈ నేలకు ఆ ప్రశ్న కొత్తది కాదు. ఏలూరు పక్కనున్న పెదవేగి ఒకప్పటి వేంగి. శాలంకాయనులూ ఆ తర్వాత తూర్పు చాళుక్యులూ ఏలిన రాజధాని. ఏడో శతాబ్దంలో ఆంధ్రదేశం చూసిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, పండితులు వేంగిగా గుర్తించిన నగరం గురించి రాస్తూ, దానికి చేరువలో ఒక ఒంటికొండను పేర్కొన్నాడు. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రచించింది అక్కడేనని చెప్పాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే గుంటుపల్లి కొండల్లో భిక్షువులు గుహలు తొలిపించుకుని ఉన్నారు. దిఙ్నాగుడి దారిలో నడిచిన ధర్మకీర్తి క్షణికవాదానికి గట్టి తర్కం సమకూర్చాడు. ఉన్నది అనిపించుకోవాలంటే ఏదో ఒక పని జరిపించాలి, మార్పు లేని నిత్యవస్తువు ఏ పనీ జరిపించలేదు, కనుక ఉన్నదంతా క్షణికమే అని ఆ వాదన. ఆ చూపుతో చూస్తే మారే వస్తువంటూ లేదు. ఒక క్షణం ముగుస్తుంది, దాన్ని ఆధారం చేసుకుని మరో క్షణం పుడుతుంది.

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అడిగేది దాదాపు ఇదే. ఒకసారి ఏర్పడిన విలువను ఎవరూ ముట్టుకోరు. మార్పు కావాలంటే పాతదాన్నించి కొత్త విలువ తయారవుతుంది. దీనివల్ల లాభం చిన్నది కాదు. ఒకే సమాచారాన్ని వంద పనులు ఏకకాలంలో చదువుతున్నా ఒకదాని రాతను మరొకటి చెరిపే ప్రమాదం ఉండదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎరిక్సన్ సంస్థలో పుట్టిన ఎర్లాంగ్ భాష ఈ పద్ధతినే నమ్ముకుంది. వాట్సాప్ సర్వర్లు ఆ భాషలోనే రాశారు.

వెంటనే రెండో సందేహం వస్తుంది. ప్రతిసారీ కొత్తదంటే మెమొరీ ఏమైపోవాలి? లక్ష పేర్ల జాబితాకు ముందు ఒక పేరు చేర్చాలంటే లక్షా మళ్లీ రాయాలా? అక్కర్లేదు. కొత్త పేరు పాత జాబితా వైపు వేలు చూపిస్తే చాలు. పాతది మారదన్న హామీ ఉంది కాబట్టే దాన్ని పాత జాబితా వాడేవారూ కొత్తది వాడేవారూ ధైర్యంగా పంచుకోగలరు.

మూడో అడ్డంకి లూప్. గదిలో అంకె పెంచుకుంటూ తిరగడానికి వీల్లేనప్పుడు వంద పద్దులు ఎలా కూడాలి? తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ లాంటి చోట చిట్టా రాసే గుమాస్తాకు ఇది కష్టమైన ప్రశ్న కాదు. ఇవాళ్టి నిల్వ ఎంత? నిన్నటి నిల్వకు ఇవాళ్టి జమ కలిపి ఖర్చు తీసేసినంత. నిన్నటిది? మొన్నటిదాన్ని బట్టి. అలా వెనక్కి వెళ్తే ఖాతా తెరిచిన రోజు నిల్వ దగ్గర ఆగుతుంది. రికర్షన్ అంటే ఇదే. ఆగే చోటు రాయడం మరిచిపోవడమే కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. మంచి లెక్కలో నిన్నటి పద్దును చెరపరు కూడా. తప్పు పడితే దాన్ని సరిచేసే మరో పద్దు రాస్తారు.

అసలు కష్టం బయటి ప్రపంచంతో వస్తుంది. కొల్లేరు సరస్సు అభయారణ్యం ఏ కాంటూరు (ఎత్తు గీత) వరకు, ఎంత విస్తీర్ణం అని అడిగితే 1999 నాటి ప్రకటన చూసి ఎవరైనా ఒకే జవాబు చెబుతారు: ఐదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు. ఇవాళ సరస్సులో నీళ్లెన్ని అంటే మాత్రం వెళ్లి చూడాలి. బుడమేరు, తమ్మిలేరు ఎంత తెచ్చాయో, ఉప్పుటేరు సముద్రంలోకి ఎంత తీసుకుపోయిందో బట్టి జవాబు మారుతుంది. మొదటిది శుద్ధమైన ఫంక్షన్, ఒకే ప్రశ్నకు ఎప్పుడూ ఒకే జవాబు. రెండోది ప్రపంచాన్ని తాకే పని. హాస్కెల్ ఈ రెంటినీ టైపుల్లోనే వేరు చేసి చూపిస్తుంది. ఎందరినో భయపెట్టే మోనాడ్, అలాంటి పనులను వరుసగా కూర్చే పద్ధతుల్లో ఒకటి. ఈ తేడా మనసుకు పట్టకముందే మోనాడ్ నిర్వచనంతో కుస్తీ పట్టేవారు అలసిపోయి వదిలేస్తారు. పాఠం చెప్పేవారు కొల్లేరు ప్రశ్నతో మొదలుపెట్టి మోనాడ్‌ను చివర పరిచయం చేస్తే ఎంతోమంది నిలదొక్కుకుంటారు.

అయితే క్షణికవాదానికి ఎదురు లేకపోలేదు. నిన్న చూసినవాడూ ఇవాళ తలచుకునేవాడూ ఒక్కడే కాకపోతే జ్ఞాపకం ఎలా పొసగుతుందని శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో నిలదీశారు. అప్పు తీసుకున్నవాడు క్షణంలో పోతే తీర్చేదెవరు? ప్రోగ్రామింగ్‌కూ ఈ ప్రశ్న తప్పలేదు. బ్యాంకు ఖాతా నిల్వ రోజూ వేరు, ఖాతా మాత్రం అదే. 2007లో క్లోజర్ భాషను విడుదల చేసిన రిచ్ హికీ, తత్వవేత్త వైట్‌హెడ్ ఆలోచనల ఆసరాతో దీనికి దారి చూపాడు. విలువలు మారవు. ఒకదాని వెంట ఒకటి వచ్చే విలువల వరుసకు మనం పెట్టుకున్న పేరే గుర్తింపు. ఏ క్షణానికి ఏ విలువో అది స్థితి. సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టేసిన 2006కు ముందున్న కొల్లేరూ, తర్వాతి కొల్లేరూ వేర్వేరు స్థితులు. పేరు ఒక్కటే.

గది, అందులోని అంకె, గది మీది పేరు ఒకటే అనుకున్నంతకాలం హాస్కెల్ శిక్షలా తోస్తుంది. మూడూ విడదీసి చూడటం అలవాటైన విద్యార్థి ‘ఎక్స్ = ఎక్స్ + 1’ అని రాయడు. పాత వరుసను అలాగే ఉంచి, దాని కింద ‘ఎక్స్ ప్రైమ్ = ఎక్స్ + 1’ అని రాస్తాడు. తొమ్మిదో తరగతి మాస్టారు చూసినా ఆ వరుసకు టిక్కు పెడతారు.